చీరాలలో ‘రన్’ నేర్చుకున్న రోజులు

మా కాలంలో తెలుగు మీడియం బళ్లలో ఏబీసీడీలు మొదలయ్యేదే ఆరో తరగతిలో. ఆ ఏడాదే ‘రన్’ అనే మాట వచ్చింది. రన్ అనగా పరుగెత్తుట అని నోటుబుక్కులో రాసుకుని, దాని కింద రన్, ర్యాన్, రన్ అని మూడు రూపాలూ బట్టీపట్టి, ఇక ఆ మాటతో పనైపోయిందని గో, కమ్, ఈట్‌ల పక్కన పెట్టేశాం. తొమ్మిదో తరగతిలో కొత్తగా వచ్చిన ఇంగ్లీషు మాస్టారు మళ్లీ అదే మాట బోర్డు మీద రాశారు, రాసి ఆ ఏడాదంతా దాన్ని వదల్లేదు. తర్వాత నేను ఇంగ్లీషు అంటే భయం లేకుండా ఉద్యోగం చేసుకుని బతికానంటే అది ఆ ఏడాది పుణ్యమే. గుర్తున్నంత వరకూ రాసి పెడుతున్నాను, ఇంట్లో ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలున్నవాళ్లకి పనికొస్తుందని కూడా.

ఇది 1982–83 నాటి చీరాల. అప్పుడు ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. మాది జాండ్రపేట వైపు, నేత కుటుంబం, ఇంట్లో గుంట మగ్గం, పొద్దున్నే బడికి వెళ్లేలోపు నూలు కండెలు చుట్టి పెట్టడం నా పని. మా వీధిలో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు. ఇంగ్లీషు చెవిన పడేది రేడియోలో, లేకపోతే రైల్వే స్టేషన్లో.

మాస్టారు హైదరాబాదులో సీఫెల్‌లో ట్రైనింగ్ అయి వచ్చినవారు. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా మొదలై, 1972లో సీఫెల్ అయి, 2007లో ఇఫ్లూగా, అంటే ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీగా మారిన సంస్థ అదే. అక్కడ నేర్చుకున్న పద్ధతి ఆయన బోర్డు చూస్తేనే తెలిసేది. సబ్‌స్టిట్యూషన్ టేబుల్ అని గడులు గీసి, ఒక గడిలో ఎవరు, ఒక గడిలో క్రియ, ఒక గడిలో ఏమిటి అని పెట్టి, అటూ ఇటూ మారుస్తూ మా చేత వాక్యాలు చెప్పించేవారు. మాటకి అర్థం అడిగితే చెప్పేవారు కాదు. “వాక్యం తీసుకురారా, అప్పుడు అర్థం చెప్తా” అనేవారు.

మొదటి రోజు బోర్డు మీద రాసిన వాక్యం ‘మై ఫాదర్ రన్స్ ఎ షాప్’. వెనక బెంచీలో కిరాణా కొట్టువాళ్ల అబ్బాయి లేచి, మా నాన్న కొట్టుని పరిగెత్తిస్తాడు అన్నాడు. క్లాసంతా నవ్వింది, మాస్టారు మాత్రం నవ్వలేదు. “సరే, మీ నాన్న కొట్టుని నిజంగా ఏం చేస్తాడో తెలుగులో చెప్పు” అన్నారు. నడుపుతాడండీ అన్నాడు వాడు. “మరి డ్రైవరు బస్సుని?” నడుపుతాడు. “హెడ్మాస్టరుగారు బడిని?” నడుపుతారు. “స్టేషన్లో మైకులో ఏమంటారు, బండి లేటైతే?” ఇది మాకు నోటికొచ్చు. మద్రాసు వెళ్లు బండి రెండు గంటలు ఆలస్యంగా నడుస్తున్నది. దాని వెంటనే వచ్చే ఇంగ్లీషు కూడా నోటికొచ్చు, ఈజ్ రన్నింగ్ లేట్ బై టూ అవర్స్. ఆ రెండు ప్రకటనలూ మేం ఎన్నిసార్లు విన్నామో, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలని ఎవరికీ తట్టలేదు. ఇంగ్లీషులో పరిగెత్తే బండే తెలుగులో నడుస్తోంది. కొట్టు, బడి, మిల్లు, సంఘం, బస్సు, రైలు, సంసారం, అన్నీ అక్కడ పరిగెత్తుతాయి, ఇక్కడ నడుస్తాయి. ఆ రోజు నాకు ఏదో తలుపు తెరిచినట్టు అనిపించింది.

తర్వాత ఆయన ఇచ్చిన హోంవర్కు చిత్రంగా ఉండేది. ఇంటికి వెళ్లి రన్ అయ్యేవి ఏమేం ఉన్నాయో చూసి రండి అనేవారు. మనుషులూ కుక్కలూ తప్ప. మాకు తెలిసిన పనిలోంచి, మాకు తెలిసిన తెలుగులోంచి తీసుకురావాలి, ఇంగ్లీషు ఆయన ఇస్తారు.

నేను తీసుకెళ్లింది రంగు. మా ఇళ్లలో రంగు దిగడం అంటే మామూలు సంగతి కాదు. చీర ఉతగ్గానే అంచు ఎరుపు వెళ్లి తెల్లటి ఒంట్లో కలిసిందంటే షావుకారు మొత్తం సరుకు తిప్పి పంపుతాడు, నెల కష్టం పోతుంది. అందుకని అద్దకం దగ్గర నాన్న చాలా పట్టుదలగా ఉండేవాడు. చవకగా దొరికే డైరెక్ట్ రంగులు నూలుకి పైపైన అంటుకుంటాయి, ఉతుకుతుంటే వదిలేస్తాయి. వ్యాట్ రంగులు అలా కాదు, కరిగిన రూపంలో నూలు లోపలికి వెళ్లి, గాలి తగిలాక నీళ్లలో కరగని రూపానికి మారిపోయి అక్కడే ఉండిపోతాయి. ఈ కెమిస్ట్రీ నేను తర్వాత చదువుకున్నదే కానీ, వ్యాట్ రంగైతే దిగదు అన్నది మాత్రం చిన్నప్పటి నుంచీ తెలుసు. మాస్టారు విని బోర్డు మీద రాశారు, ‘ది కలర్ రన్స్’. దిగని రంగుని ఇంగ్లీషులో ఏమంటారో తెలుసా అని అడిగారు. తెలుసు, మా అట్టపెట్టెల మీద ఉండేది, ఫాస్ట్ కలర్.

అప్పుడు ముందు బెంచీ పిల్ల ఒకామె అడిగింది, ఫాస్ట్ అంటే వేగం కదండీ, వేగంగా ఉండే రంగు రన్ అవ్వకపోవడమేంటి అని. మాస్టారి మొహం వెలిగిపోయింది. ఫాస్ట్ అనే మాటకి పాత అర్థం గట్టిగా, కదలకుండా అని. బొత్తాం పెట్టుకోవడాన్ని ఫాసెన్ అంటామే, అందులో ఉన్నది అదే. గట్టిగా అన్నదే జోరుగా అని మారి, అక్కడి నుంచి వేగానికి వచ్చింది. మనమూ అంతే కదా, గట్టి రంగు అంటాం, గట్టిగా పరిగెత్తరా అని కూడా అంటాం అన్నారు. ఫాస్ట్ కలర్ డజ్ నాట్ రన్ అనే వాక్యం నోటుబుక్కులో రాసుకుని ఇంటికెళ్లి నాన్నకి అర్థం చెప్పాను. ఆయనకి చదువు లేదు, కానీ ఆ వాక్యం మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాడు.

మగ్గం మీదే ఇంకోటి దొరికింది. పడుగు పోగులు నిలువునా పోతాయి, పేక అడ్డంగా పోతుంది అంటాం మేం. నిజానికి పడుగు ఎక్కడికీ పోదు, బిగించి ఉంటుంది. ఇంగ్లీషులో అక్కడా రన్నే, ది వార్ప్ రన్స్ లెంగ్త్‌వైజ్. ఊరి మధ్యగా వెళ్లే రైలు పట్టాలకీ అంతే, ది రైల్వే లైన్ రన్స్ త్రూ ది టౌన్. కదలనివి కూడా ఒక వైపు నుంచి ఇంకో వైపుకి సాగితే చాలు, రన్ అవుతాయి. ఇది కొంచెం కష్టమైన వాడుక, చాలామంది పెద్దయ్యాక కూడా దీన్ని వాడటానికి జంకుతారు. రోడ్డు, గోడ, కాలవగట్టు, గీత, వీటితో ధైర్యంగా వాడొచ్చు.

మిగతావాళ్లు తెచ్చినవి చాలానే ఉన్నాయి. ముక్కు కారడం, కుళాయి పారడం, జ్వరం కాయడం, హాల్లో సినిమా ఆడటం. ఇవన్నీ తెలుగులో వేరువేరు క్రియలు, ఇంగ్లీషులో అన్నింటికీ ఇదొక్కటే సరిపోతుంది. నోస్ ఈజ్ రన్నింగ్, ట్యాప్ ఈజ్ రన్నింగ్, చైల్డ్ ఈజ్ రన్నింగ్ ఎ టెంపరేచర్, సినిమా ర్యాన్ ఫర్ ఎ హండ్రెడ్ డేస్. వీటిలో జ్వరం వాక్యం చూడండి, అక్కడ రన్ అవుతున్నది జ్వరం కాదు, పిల్లాడు. తెలుగులో మనం పిల్లాడికి జ్వరం కాస్తోంది అంటాం. మాస్టారు ఎక్కువగా ఆగి చెప్పింది ఇలాంటి చోట్లే.

అన్నిటికంటే ఎక్కువ రోజులు చెప్పింది కిరసనాయిలు గురించి. రేషన్ షాపు ముందు డబ్బాలు వరసలో పెట్టి నిలబడే రోజులవి. కిరసనాయిలు అయిపోయింది అనడానికి, వి హ్యావ్ రన్ అవుట్ ఆఫ్ కెరోసిన్. ఇక్కడ మా బుర్రలు ఒప్పుకునేవి కావు. అయిపోయింది కిరసనాయిలు కదా, మనం ఎందుకు వాక్యం మొదట్లోకి వచ్చాం? మాస్టారు రెండు వాక్యాలూ రాసి చూపించారు. కిరసనాయిలు మొదట్లో ఉంటే, ది కెరోసిన్ హ్యాజ్ రన్ అవుట్, అక్కడ ఆఫ్ ఉండదు. మనుషులు మొదట్లో ఉంటే ఆఫ్ రావాలి. తెలుగువాడు మొదటిది తేలిగ్గా అంటాడు, ఇంగ్లీషువాడు ఇంట్లో ఎక్కువగా అనేది రెండోది. రెండూ వచ్చి ఉండాలి. టైం ఈజ్ రన్నింగ్ అవుట్ అనేది మొదటి రకం. ఈ చిన్న ఆఫ్ ఎక్కడ పెట్టాలో, ఎక్కడ తీసేయాలో తెలిస్తే రన్ అవుట్ సగం వచ్చినట్టే అనేవారు. అదే చోట ఇంకో సంగతి గట్టిగా పట్టుకునేవారు, హ్యావ్, హ్యాజ్ పక్కన ర్యాన్ రాకూడదని. మూడో రూపం మళ్లీ రన్నే. ఇప్పటికీ పెద్ద పెద్ద ఈమెయిళ్లలో హ్యాజ్ ర్యాన్ అని చూస్తే నాకు ఆయన సుద్దముక్క చప్పుడు వినిపిస్తుంది.

పక్కన చేరే చిన్న మాటల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. రన్ ఇంటు తర్వాత మనిషి వస్తే అనుకోకుండా ఎదురుపడటం, బండి వెళ్లి గోడని రన్ ఇంటు చేస్తే గుద్దేయడం. రన్ ఓవర్ అంటే మీద నుంచి పోవడం, రన్ త్రూ అంటే పాఠం ఒకసారి మొదటి నుంచి చివరిదాకా చూసుకోవడం, రన్ షార్ట్ ఆఫ్ అంటే ఇంకా అయిపోలేదు కానీ తక్కువ పడుతోంది అని. ఇవి పట్టికగా బట్టీపడితే రావు. నేను ప్రయత్నించాను కాబట్టి కాదు, మా క్లాసులో అలా బట్టీపట్టిన తెలివైనవాళ్లని చూశాను కాబట్టి అంటున్నాను. పరీక్షలో ఖాళీలు నింపేవాళ్లు, నోటితో మాత్రం ఒక్కటీ అనేవాళ్లు కాదు.

ఆ జనవరిలోనే ఎన్నికలు వచ్చాయి. అంతకు ముందు ఏడాది మార్చిలో ఎన్టీఆర్ పార్టీ పెట్టడం, చైతన్యరథం మీద ఊరూరా తిరగడం, పిల్లలం కూడా జెండాలు పట్టుకుని వీధుల్లో తిరగడం. ఎవరో అడిగారు, ఎన్నికల్లో నిలబడ్డాడు అనడానికి ఇంగ్లీషేంటండీ అని. బ్రిటన్‌వాళ్లు మనలాగే నిలబడతారు, స్టాండ్ ఫర్ ఎలక్షన్ అంటారు, అమెరికావాళ్లు పరిగెత్తుతారు, రన్ ఫర్ ప్రెసిడెంట్ అంటారు, మన పేపర్లు మాత్రం కంటెస్ట్ అని రాస్తాయి అన్నారు మాస్టారు. ఒకే పని చేస్తూ ఒక దేశంవాడు నిలబడటం, ఇంకో దేశంవాడు పరిగెత్తడం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. చాలా ఏళ్ల తర్వాత అమెరికాలో ఉంటున్న మా మేనల్లుడి ఇంటి ముందు ఎన్నికల బోర్డులు చూసినప్పుడు వాడికి ఇదే చెప్పాను.

పదో తరగతి మొదలైన జూన్‌లో ప్రపంచకప్. 25వ తేదీ లార్డ్స్‌లో మనవాళ్లు 183కే అవుటైతే ఇక అయిపోయిందని వీధిలో రేడియో చుట్టూ ఉన్న పెద్దవాళ్లు సగం మంది లేచి వెళ్లిపోయారు. వెస్టిండీస్ 140కి అవుటయ్యేసరికి వెళ్లినవాళ్లు లుంగీలు ఎగ్గట్టుకుని వెనక్కి వచ్చారు. గెలిచింది 43 రన్స్ తేడాతో. సోమవారం క్లాసులో పాఠం లేదు, క్రికెట్టే. ఫోర్ కొడితే ఎవరూ పరిగెత్తరు కదండీ, మరి నాలుగు రన్స్ అంటారేం అని ఎవడో అడిగాడు. మొదట్లో బౌండరీ గీతే ఉండేది కాదురా, ఎంత దూరం కొట్టినా పరిగెత్తి తెచ్చుకోవాల్సిందే, తర్వాత గీత వచ్చింది, పరుగు తప్పింది, పేరు మాత్రం మిగిలిపోయింది అన్నారు. మా వీధి ఆటలో బ్యాటు పట్టినవాడి బదులు పరిగెత్తడానికి బైరన్నర్ అని ఒకణ్ని పెట్టేవాళ్లం, అది ఇంగ్లీషు మాటని ఎవరికీ అనిపించేది కాదు.

మాస్టారి బల్ల మీద ఎప్పుడూ ఒక లావుపాటి డిక్షనరీ ఉండేది, హార్న్‌బీది. ఆ పుస్తకం గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే అది మనలాంటివాళ్ల కోసమే పుట్టింది. ఏ.ఎస్. హార్న్‌బీ 1924లో ఇంగ్లీషు చెప్పడానికి జపాన్ వెళ్లాడు. అక్కడ పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో చూసి, ఇంగ్లీషు తమ భాష కానివాళ్ల కోసం డిక్షనరీ తయారుచేశాడు. అది 1942లో మొదట జపాన్‌లోనే అచ్చయింది, 1948లో ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ తీసుకుంది. దాంట్లో అర్థంతో పాటు క్రియ పక్కన వీపీ 2ఏ, వీపీ 6ఏ లాంటి గుర్తులుండేవి, వీపీ అంటే వెర్బ్ ప్యాటర్న్, క్రియ వాక్యంలో ఇమిడే తీరు. మాకు మొదట బస్సు నంబర్లలా కనిపించాయి. 2ఏ అంటే క్రియ ఒంటరిగా నిలబడగలదని, 6ఏ అంటే వెనక కర్మ ఉండాలని. ది బస్ రన్స్ మొదటిది, హి రన్స్ ఎ బస్ సర్వీస్ రెండోది. తెలుగులో నడుచు, నడుపు అని క్రియే మారిపోతుంది, ఇంగ్లీషులో మాట మారదు, వెనక ఏముందో చూసి మనమే తెలుసుకోవాలి. నడుచు, నడుపు తేడా తెలిసిన తెలుగు పిల్లాడికి ఈ సంగతి చెప్పడానికి నిమిషం పట్టదు. అయినా చాలా చోట్ల చెప్పరు, అదే బాధ నాకు. తెలుగుని బయట పెట్టి రమ్మంటారు ఇంగ్లీషు క్లాసుకి.

ఎనభైల చివర్లో గుంటూరులో కంప్యూటర్ క్లాసులో చేరాను. బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నాలుగు లైన్లు టైపు చేసి, చివర రన్ అని కొట్టి ఎంటర్ నొక్కమన్నారు. నొక్కగానే తెర మీద నా పేరు వరసగా వచ్చింది. బేసిక్‌ని 1964లో డార్ట్‌మత్ కాలేజీలో కెమెనీ, కర్ట్జ్ అనే ఇద్దరు అధ్యాపకులు కంప్యూటర్ చదువు లేని విద్యార్థుల కోసం తయారుచేశారు, అందుకే అందులో ఇలాంటి ఇంటి మాటలు పెట్టారు. పక్కనున్నవాళ్లకి కొత్తగా అనిపించిన ఆ రన్ నాకు పాత చుట్టంలా కనిపించింది. అది కూడా కొట్టు నడపడం లాంటిదే కదా.

ఇంకా తర్వాత జె.ఆర్. ఫర్త్ అనే ఇంగ్లండు భాషాశాస్త్రవేత్త గురించి చదివాను. ఒక మాట ఏ మాటలతో కలిసి తిరుగుతుందో చూస్తే ఆ మాట తెలుస్తుందని 1957లో రాశాడాయన. 1920లలో లాహోర్‌లో ఇంగ్లీషు ప్రొఫెసర్‌గా పనిచేశాడు, 1937లో గుజరాతీ, తెలుగు భాషల మీద పరిశోధనకి మళ్లీ ఇండియా వచ్చాడు. ఆయన చెప్పిందే మా మాస్టారు వాక్యం తీసుకురారా అని రోజూ చెప్పింది. ఇద్దరి మధ్యలో సీఫెల్ ఉంది కాబట్టి ఆ ఆలోచన ఆ దారినే చీరాల దాకా వచ్చి ఉంటుందని నా నమ్మకం.

2011లో పేపర్లో ఒక వార్త వచ్చింది. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ మూడో కూర్పు కోసం పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడు నెలల తరబడి ఈ ఒక్క మాట మీద కూర్చుంటే, రన్ క్రియకే 645 అర్థాలు తేలాయట. అంతకు ముందు కూర్పులో, అంటే 1989 నాటిదాంట్లో, మొదటి స్థానం సెట్‌ది. యంత్రాలు, కంపెనీలు, ప్రోగ్రాములు వచ్చిన కొద్దీ రన్ పెరిగింది. వార్త చదవగానే మాస్టారికి ఫోన్ చేశాను. అప్పటికి రిటైరై ఒంగోలులో ఉండేవారు. 645 వినగానే, “అవన్నీ మనకెందుకురా, మనవాళ్లకి ఓ పాతిక ముప్పై వస్తే ఇంగ్లండులో కాపరం చేసి రావచ్చు, ఆ పాతికా సరిగ్గా చెప్పేవాళ్లు కావాలి” అన్నారు. ఆ పాతికా ఏవో ఆయన ఫోన్లోనే వరసగా చెప్తుంటే కాగితం మీద రాసుకున్నాను, పైన రాసినవన్నీ దాదాపు ఆ కాగితంలోవే. ఒకటి మిగిలింది, రన్స్ ఇన్ ది ఫ్యామిలీ. షుగర్ కానీ, మంచి గొంతు కానీ, పొడుగు కానీ మా వంశంలోనే ఉంది అని చెప్పడానికి వాడేది. డాక్టర్లు అడిగే ప్రశ్నల్లో ఇది తప్పకుండా ఉంటుంది కాబట్టి విదేశాల్లో పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన వాడుక ఇది.

కొన్నింటిని మనం అనువదించకుండానే ఉంచేసుకున్నాం. రన్నింగ్ బస్సు ఎక్కకు అంటాం, రన్నింగ్ నోట్స్ రాసుకుంటాం, పాత సినిమా రిపీట్ రన్‌లో బాగా ఆడింది అంటాం, ప్రోగ్రాం రన్ చెయ్ అంటాం. వీటికి బలవంతంగా తెలుగు పెట్టాలని నాకు లేదు, ఇవి మన నోళ్లలో కుదురుకున్న మాటలే. హైదరాబాదు వచ్చాక ఇంకో సంగతి తెలిసింది, ఇక్కడివాళ్లు పరుగెత్తడాన్ని ఉరకడం అంటారు, సినిమా ఆడుతోంది అనరు, నడుస్తుంది అంటారు. అంటే మా మాస్టారి పట్టికలో సినిమా గడి తెలంగాణకి వచ్చేసరికి కొట్టు, బస్సుల గడిలోకి వెళ్లిపోతుంది.

అందుకే అడుగుతున్నాను, మీ వైపు ఈ గడులు ఎలా ఉంటాయో రాయండి. ముఖ్యంగా రంగు గురించి. జాండ్రపేటలో దిగడం, పోవడం, వెలవడం అని మూడూ వినేవాణ్ని, కానీ అవి ఒకటి కాదు. ఉతికితే నీళ్లలోకి వచ్చి పక్క నూలుకి అంటుకునేది దిగడం, అదే ఇంగ్లీషు రన్. ఎండకి మెల్లగా పాలిపోవడం వెలవడం, దానికి ఫేడ్ అనాలి. పోవడం మాత్రం రెండింటికీ వాడతారు. పోచంపల్లి, మంగళగిరి, ధర్మవరం, పొందూరు వైపు అద్దకం పని తెలిసినవాళ్లు ఉంటే, మీ ఇళ్లలో ఈ తేడాకి ఏ మాటలున్నాయో తెలుసుకోవాలని ఉంది.